గుర్వమ్మ తడిపిన సగం

జాహేదా బేగానికి చిన్నప్పటి నుంచీ ఒకటే జబ్బు. ఎవరైనా మాట్లాడుకుంటుంటే చెవి అటు వేయకుండా ఉండలేదు. పానగల్‌లో వాళ్ల నాన్న అహ్మద్ అలీ కుట్టుమిషను ఇంటి ముందుగదిలోనే ఉండేది. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు, తీసుకోవడానికి వచ్చినవాళ్లు, ఏ పనీ లేక వచ్చినవాళ్లు అందరూ అక్కడే చేరి లోకం సంగతులన్నీ తేల్చేసేవారు. ఆ గదికీ లోపలి ఇంటికీ నడుమ ఒక పరదా, పరదా వెనక జాహేదా. తల్లి లాల్ బీ బియ్యం ఏరమని చాట చేతికిస్తే, ఆ చాట పట్టుకుని కూడా పరదా దగ్గరే కూర్చునేది.

ఒకరోజు ఆ మగవాళ్లు చీమల గురించి తగవు పడ్డారు. వాన వచ్చే ముందు చీమలు గుడ్లు మోసుకుని మిట్టకు ఎక్కుతాయని ఒకరు, అదంతా వట్టి మాట అని ఇంకొకరు. జాహేదాకు అప్పటికి పదేళ్లు కూడా లేవు. ఉండబట్టలేక పరదా పక్కకు లాగి, "మరి వాన పడకుంటె గుడ్లు మల్ల ఎనక్కి తెచ్చుకుంటయా?" అని అడిగింది. గది గదంతా గొల్లున నవ్వింది. నాన్న కళ్లతోనే లోపలికి పొమ్మన్నాడు. జవాబు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నవ్వినందుకు కాదు, జవాబు చెప్పనందుకు ఆమెకు ఎంత కోపం వచ్చిందంటే, పెద్దయ్యాక కూడా అది తగ్గలేదు. అలాగని మళ్లీ పరదా తీసే ధైర్యమూ రాలేదు.

చదువు మటుకు ఆపలేదు. హైదరాబాదులో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చేసి, నల్లగొండలో ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్చరరయింది. ఊళ్లో గడియారం సెంటరు దగ్గర రేడియోలు బాగుచేసే రజాక్‌తో పెళ్లయింది. రజాక్ మంచివాడు, మాటకారి, భార్యను ఆటపట్టించకపోతే తిన్నది అరగని మనిషి. ఆమెకు పురుగుల పిచ్చి ఉందని తెలిసే చేసుకున్నాడు. ఎవరైనా అడిగితే, పట్టుచీరలు అడిగే భార్య కన్నా పట్టులాంటి పురుగును అడిగే భార్య నయం కదా అనేవాడు.

ఆ పురుగు ఆరుద్ర పురుగే. తొలకరి పడగానే ఎర్రనేలల మీద మఖమల్ ముక్కల్లా పాకుతుందే, పిల్లలు అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచుకుంటారే, అదే. నిజానికి అది పురుగు కాదని, ఎనిమిది కాళ్లుంటాయి కనుక సాలీడుకు చుట్టమని జాహేదా కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేది. విన్నవాళ్లు తలూపి, మళ్లీ ఆరుద్ర పురుగు అనే అనేవారు. ఆమెకు కావలసింది వేరు. అవి తొలకరికి పది రోజులు కనబడి మాయమవుతాయి, మిగతా ఏడాదంతా నేలలోనే ఎక్కడో ఉంటాయి. వాన వచ్చిందని నేల లోపల ఉన్నదానికి ఎవరు చెబుతారు? తడి చెబుతుందా, ఉరుము చెబుతుందా, లేక కార్తె వచ్చిందని దానికే తెలుస్తుందా? కాలేజీలో ఈ మాట అడిగితే, సిలబస్‌లో లేదు కదా మేడం అన్నారు.

తొంభై ఐదులో ఒకసారి ఆమె పని మీద తాను చదువుకున్న యూనివర్సిటీకి వెళ్లింది. అక్కడ డిపార్ట్‌మెంటులో కంప్యూటరు గది చూసుకునే అతను ఇస్రాయేలు, నకిరేకల్ మనిషి. మన జిల్లా ఆవిడ అని ప్రేమగా కూర్చోబెట్టి ఒక వింత చూపించాడు. ప్రపంచంలో ఈ ఎనిమిది కాళ్ల జీవుల మీద పని చేసేవాళ్లు కొన్ని వందల మంది ఉన్నారట. వాళ్లంతా ఒక జాబితాలో పేర్లు రాయించుకున్నారు. అందులో ఒకరు ఈమెయిల్ రాస్తే అది అందరికీ పోతుంది. ఒకరు జవాబిస్తే అదీ అందరికీ పోతుంది. బ్రెజిల్ ఆవిడ అడిగినదానికి ఆస్ట్రేలియా ఆయన జవాబిస్తే, జపాను ఆయన అది తప్పంటాడు. జాహేదా తెర ముందు నుంచి లేవలేదు. ఆఖరుకు గదికి తాళం వేసుకోవాలని ఇస్రాయేలే మెల్లగా గుర్తు చేయవలసి వచ్చింది. పోయేముందు ఆమె పేరు కూడా ఆ జాబితాలో చేర్చాడు.

అప్పటి నుంచి శనివారం వస్తే ఆమె హైదరాబాదు బస్సులో ఉండేది. వారమంతా వచ్చిన మాటలను ఇస్రాయేలు కాగితం మీద అచ్చు కొట్టి ఉంచేవాడు. అంచుల వెంట బెజ్జాలున్న కాగితం, ఒకదానికొకటి అతుక్కుని పొడుగ్గా మడతలు మడతలుగా ఉండేది. తిరుగు బస్సులో ఎక్కగానే అది విప్పేది. చౌటుప్పల్ వచ్చేసరికి ఒక తగవు పూర్తయ్యేది. మడతలు జారి పక్కన కూర్చున్నవాళ్ల ఒళ్లో పడితే, ఏంటమ్మా జాతకమా అని ఒక ముసలమ్మ అడిగింది కూడా.

ఇంటికి వచ్చి రజాక్‌కు అన్నీ చెప్పేది. రజాక్ అన్నీ విని ఒకరోజు ఒకటే అడిగాడు. నువ్వు వింటున్నట్టు వాళ్లకు తెలుసా? తెలియదంది. నువ్వు ఒక్కమాటైనా రాశావా? రాయలేదంది. అయితే ఇది మీ నాన్న కుట్టుమిషను గదే, పరదా ఒక్కటే కాస్త పొడుగైంది అన్నాడు. మామూలుగా అతని హాస్యాలకు నవ్వే జాహేదా ఆ రోజు నవ్వలేదు. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది.

ఆ వందల మందిలో ఆమెకు బాగా నచ్చిన మనిషి లార్సెన్ అనే ముసలాయన. డెన్మార్క్ దేశంలో ఏదో మ్యూజియంలో పనిచేసి రిటైరయ్యాడు. ఎంత చిన్నవాళ్లు ఎంత పిచ్చి ప్రశ్న అడిగినా ఈయన ఒక్కడు జవాబిచ్చేవాడు. పైగా ప్రతి ఉత్తరం చివరా తమ పెరట్లో వాతావరణం ఎలా ఉందో ఒక ముక్క రాసేవాడు. మంచు మోకాలి దాకా ఉంది, ఈ రోజు గాలి, చలి కాస్త విరిగింది, ఇలా. చలికాలమంతా కూతురు పానగల్ వచ్చినప్పుడల్లా లాల్ బీ, ఆ ముసలాయన వాకిట్లో మంచు పోయిందా అని అడిగేది.

తొంభై ఆరు వేసవికి ముందు ఆ లార్సెనే జాహేదా ప్రశ్నను అడిగాడు. మఖమల్ పురుగులను పైకి పిలిచేది తడేనా, మరొకటా? ఇవి దొరికే దేశాల్లో ఉన్నవాళ్లు ఎవరైనా వానకు ముందే నేల తడిపి చూశారా? తాను పుస్తకాల్లో ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నానని, ఎక్కడా దొరకలేదని రాశాడు. ఒక్కరూ జవాబివ్వలేదు. జాహేదా కాగితం పట్టుకుని బస్సులోనే లేచి నిలబడబోయింది. నేల ఉంది, నీళ్లు మోసే ఒళ్లు ఉంది, ముందు వేసవి సెలవులు ఉన్నాయి. ఈసారి పరదా తీయవలసిందే అనుకుంది.

సెలవులకు పానగల్ వచ్చి గుర్వమ్మను అడిగింది. గుర్వమ్మ, గుర్వయ్య గొర్లు కాసుకునే మనుషులు. వాళ్ల బీడులో తొలకరికి ఆరుద్ర పురుగులు కుప్పలుగా వస్తాయని ఊరంతా ఎరుగుదురు. నేల కావాలంటే గుర్వమ్మ ఎందుకని అడగనైనా అడగలేదు, తీసుకో బిడ్డా అంది. జాహేదా నాలుగు మేకులు కొట్టి, చుట్టూ తాడు కట్టి, మళ్లీ నడిమికి ఒక తాడు కట్టింది. ఒక సగం తడిపేది, ఒక సగం ఎండకు వదిలేసేది. తడిపిన సగంలో వచ్చి, ఎండిన సగంలో రాకపోతే, పిలిచేది తడే. సంగతి అంత సులువు.

రోహిణి కార్తె. రాళ్లు కూడా వేడెక్కి ముట్టుకోనివ్వడం లేదు. సాయంత్రం ఎండ వాలగానే జాహేదా బోరింగు కొట్టి, బిందె చంకన పెట్టుకుని, ఒకవైపు సగానికే నీళ్లు పోసి వచ్చేది. లెక్చరరమ్మ బీడుకు నీళ్లు పోస్తున్నదని ఊళ్లో నవ్వుకున్నారు. రజాక్ నల్లగొండ నుంచి వచ్చి చూసి, కంది వేశావా పెసర వేశావా అని అడిగి వెళ్లాడు. వారం గడిచింది. ఇంకొన్ని రోజులు గడిచాయి. ఒక సాయంత్రం ఆమె బిందె దించి చూస్తే తడిపిన సగంలో ఎర్రగా ఒక చుక్క కదిలింది. పక్కనే ఇంకొకటి.  అలవాటు కొద్దీ ఎండిన సగం వైపు చూసింది.

అక్కడా ఉన్నాయి. ఇటెన్నో అటూ అన్నే.

ఆకాశంలో మబ్బు లేదు. చినుకు లేదు. తాను చుక్క నీరు పోయని నేలలోంచి ఆరుద్ర పురుగులు వచ్చాయి. అంటే తడి పిలవలేదు. నేల లోపల, చీకట్లో, ఎవరూ చెప్పకుండానే వాటికి కాలం తెలిసింది. జాహేదా అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. సంతోషానికి ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడే హైదరాబాదు పోయి, ఇస్రాయేలు పక్కన కూర్చుని, ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ తన మొదటి ఉత్తరం రాసింది. సాయంత్రానికే జవాబులు మొదలయ్యాయి. శనివారం వెళ్లేసరికి కాగితాల కట్ట ఎప్పటికన్నా మూడింతలుంది. అంతా ఆమె గురించే. బ్రెజిల్ ఆవిడ అభినందించింది. జపాను ఆయన అనుమానపడుతూనే మెచ్చుకున్నాడు. ఆస్ట్రేలియా ఆయన తాను త్వరలో ఒక సభలో మాట్లాడబోతున్నానని, ఈ సంగతి ఆమె పేరుతో అక్కడ చెబుతానని రాశాడు. లార్సెన్ రాసింది చిన్న ఉత్తరం. ఇన్నాళ్లూ మీరు ఎక్కడున్నారు, ఇంత ఆలస్యంగా ఎందుకు మాట్లాడారు అని అడిగాడు. చివర, ఇక్కడ ఎండ కాస్తోంది అని ఉంది.

ఆ కట్ట పట్టుకుని ఆమె తిన్నగా పానగల్ వెళ్లింది. గుర్వమ్మ గొర్లను దొడ్డికి తోలుతోంది. నీ బీడు గురించి దేశదేశాల్లో మాట్లాడుకుంటున్నారు పెద్దమ్మా అని చెప్పి, ఎండిన సగం సంగతంతా విడమరిచి చెప్పింది. గుర్వమ్మ శ్రద్ధగా విని, కొంగుతో మొహం తుడుచుకుని, చాలా మామూలుగా అంది.

"ఎండింది ఏడుంది బిడ్డా? దానికి నేను పోసిన గద."

జాహేదాకు అర్థం కాలేదు. గుర్వమ్మే చెప్పింది.

"నువ్వు మాపటీలి వచ్చి ఒక దిక్కే పోసి పోతివి. రెండో దిక్కు నెర్రెలిచ్చి సూస్తాంది. ఒక్క బంతిల కూసున్నోళ్లకు ఒకలకు వడ్డిచ్చి ఒకలకు వడ్డియ్యకుంటె పాపం గాదా? నీకు మోసుడు కష్టమైతాందేమో అనుకున్న. పొద్దుగాల మందను తోలుకపొయ్యేటప్పుడు నేనే రోజు గింతంత పోసిన."

పొద్దున పోసిన నీళ్లు రోహిణి ఎండకు సాయంత్రానికి ఆనవాలు లేకుండా ఎగిరిపోయేవి. జాహేదా చూసింది రోజూ సాయంత్రమే. తాను ఒక్కనాడైనా పొద్దున వచ్చి చూడలేదు.  గుర్వమ్మను గట్టిగా నాలుగు మాటలు అనాలనిపించింది. ఎదురుగా ఆ ముసలి మొహంలో మేలు చేసిన తృప్తి తప్ప ఇంకేమీ కనబడలేదు. కాగితాల కట్ట మడిచి పట్టుకుని నల్లగొండ ఇంటికి వచ్చింది.

ఎవరికీ తెలియదు. ఇదీ ఆమెకు మొదట తోచింది. గుర్వమ్మ డెన్మార్క్ పోయి చెప్పదు. ఊరుకుంటే ఆమె పేరు సభలో వినబడుతుంది. చెబితే, జీవితంలో రెండోసారి పరదా తీసి బయటికి వచ్చినందుకు ఈసారి ప్రపంచమంతా నవ్వుతుంది. అన్నం సహించలేదు. రజాక్ కారణం అడిగితే చెప్పింది.  ఎప్పుడూ ఆటపట్టించే మనిషి, ఆ ఆస్ట్రేలియా ఆయన నిన్ను నమ్మి నలుగురిలో లేచి నిలబడతాడు కదా అని మాత్రం అన్నాడు. ఆ మాట చాలింది. సోమవారం పొద్దున రజాక్ దుకాణం తీయలేదు. ఇద్దరూ కలిసి బస్సెక్కారు.

జాహేదా ఉన్నదున్నట్టు రాసింది. నేను పొరబడ్డాను, రెండు సగాలూ తడిసినవే, నా ప్రయోగానికి అర్థం లేదు, దయచేసి ఎవరూ దీన్ని ఎక్కడా చెప్పవద్దు. గుర్వమ్మ ఎందుకు నీళ్లు పోసిందో కూడా రాసింది. మా దగ్గర ఒక వరుసలో భోజనానికి కూర్చున్నవాళ్లలో ఒకరికి వడ్డించి ఒకరికి వడ్డించకపోవడం పాపం అని అర్థమయ్యేట్టు రాయడానికి ఆమెకు ప్రయోగం గురించి రాసినదానికన్నా ఎక్కువ సేపు పట్టింది. పంపే మీట నొక్కి, తెర వైపు చూడకుండా లేచి వచ్చేసింది.

ఈసారి శనివారం బస్సులో ఆమె కాగితాలు విప్పలేదు. చౌటుప్పల్ దాటింది. చిట్యాల దాటింది. ఈసారి కూడా తోడు వచ్చిన రజాక్ చూసి చూసి ఆమె ఒళ్లోంచి కట్ట లాక్కుని, తనకు వచ్చిన కాస్త ఇంగ్లీషుతో పైకి చదవడం మొదలుపెట్టాడు. నవ్వారు, నిజమే. కాని ఆ నవ్వు వేరే నవ్వు. బ్రెజిల్ ఆవిడ ప్రయోగం కోసం చీకటి చేసి ఉంచిన గదిలో, అక్కడ ఊడ్చే పనిమనిషి పురుగులకు భయమేస్తుందేమోనని రోజూ దీపం పెట్టి వెళ్లేదట, ఆ సంగతి నెలల తర్వాత బయటపడిందట. ఆస్ట్రేలియా ఆయన సమయానికి చెప్పినందుకు మొక్కుతున్నానన్నాడు. ఒకరి తర్వాత ఒకరు తమ తమ పాడైపోయిన పనులన్నీ చెప్పుకున్నారు.  తన మాటకు నవ్వి, మళ్లీ తనకే జవాబు చెప్పిన మనుషులను జాహేదా మొదటిసారి చూసింది.

అన్నిటికన్నా చివర లార్సెన్ ఉత్తరం ఉంది. ప్రయోగానికి అర్థం లేదని ఎందుకన్నారు, మీరు అడగని ప్రశ్న ఒకటి మిగిలింది అని రాశాడు. చుట్టూ కట్టిన తాడుకు అవతల, ఎవరూ తడపని నేలలో కూడా వచ్చాయా?

జాహేదా రజాక్ చేతిలోంచి కాగితం గుంజుకుంది. తాడుకు అవతల! గుర్వమ్మ రెండు సగాలనూ తడిపితే తడిపింది, బీడు మొత్తం తడపలేదు కదా. నల్లగొండ జిల్లా మొత్తం ఎండే ఉంది కదా. అవతల రాకపోయి ఉంటే పిలిచింది తడే. కాని వచ్చాయో రాలేదో ఆమె చూడనే లేదు. కళ్లన్నీ తాడుకు ఇవతలే పెట్టుకుంది. చూసినట్టే గుర్తు అని ఒక మాట రాసేస్తే సరిపోయేది. ఒకసారి తప్పులో కాలేసిన మనిషి కనుక రాయలేదు. చూద్దామంటే అప్పటికే తొలకరి పడింది. ఊరంతా ఎక్కడ చూసినా ఎర్రటి పురుగులే. ఏడాది ఆగాల్సిందే అని రాసింది. ఇన్నేళ్లు ఆగాను, ఇంకొక్కటి లెక్కా అని లార్సెన్ జవాబిచ్చాడు.

ఆ ఏడాది ఎలా గడిచిందో జాహేదాకు తెలుసు. డెన్మార్క్‌లో మంచు పడిన కబురు వచ్చినప్పుడల్లా ముసలాయన బాగున్నాడని లాల్ బీ సంతోషించేది. తొంభై ఏడు రోహిణి కార్తె వచ్చేసరికి జాహేదా మళ్లీ బీడులో మేకులు కొట్టింది. ఈసారి గుర్వమ్మ చేయి పట్టుకుని, ఈ సగానికి చుక్క కూడా పోయవద్దని, ఎందుకు పోయవద్దో ఓపిగ్గా చెప్పింది. గుర్వమ్మకు నచ్చలేదు. అయినా మాట ఇచ్చింది. ఇచ్చిన మాట తప్పలేక, ఎండిన నేలను చూడలేక, ఆ వేసవంతా మందను ఆ బీడు పక్కనుంచి కాకుండా చుట్టు తిప్పి తోలుకుపోయింది. జాహేదా ఈసారి పొద్దునా వచ్చింది, సాయంత్రమూ వచ్చింది. తాడుకు ఇవతల చూసింది, అవతల కూడా వంగి వంగి చూసింది.

తడిపిన సగంలో వచ్చాయి. ఎండిన సగంలో ఒక్కటీ రాలేదు. తాడుకు అవతలా రాలేదు.

ఆమె గుర్వమ్మను పిలుచుకొచ్చి చూపించింది. గుర్వమ్మ ఎర్రగా పాకుతున్నవాటిని ఒకసారి చూసింది, ఎండిన సగాన్ని మాత్రం చాలాసేపు చూసింది.

"నీ పని అయిందా బిడ్డా?"

అయింది పెద్దమ్మా అంది జాహేదా.

"ఇగ పొయ్యనా మరి?"

జాహేదా తన చంకలోని బిందె ఆమెకు అందించింది. గుర్వమ్మ వంగి, అంచు నుంచి అంచు దాకా, ఒక్క జానెడు కూడా వదలకుండా పోసింది. ఆమె నాలుగైదు రోజులు అలా పోశాక ఆ సగంలోంచి కూడా ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ప్రయోగానికి అంతకన్నా మంచి ముగింపు ఉండదని జాహేదాకు అప్పుడు గాని తట్టలేదు.

ఆ సంగతి జాబితాకు రాసినప్పుడు కింద రెండు పేర్లు పెట్టింది. తన పేరు, దాని పక్కన గుర్వమ్మ పేరు. రజాక్ చదివి, గుర్వమ్మ పేరు ముందుండాలి కదా, నువ్వు సగమే తడిపావు, పని పూర్తి చేసింది ఆమే అన్నాడు. అదీ నిజమేనని ఆమె పేర్లు మార్చి పంపింది.

లార్సెన్ జవాబు జూన్‌లో వచ్చింది. ముప్పై ఏళ్ల ప్రశ్నకు జవాబు దొరికిన మనిషి ఎంత రాస్తాడోనని జాహేదా కాగితమంతా వెతికింది. ఉన్నది రెండే ముక్కలు. మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇక్కడ పొద్దుటి నుంచి వాన, గుర్వమ్మగారికి చెప్పండి, మా పెరట్లో అన్ని వైపులా సమానంగా పడుతోంది.

జాహేదా బీడుకు వెళ్లి ఆ మాట చదివి తెలుగులో చెప్పింది. గుర్వమ్మ గొర్ల మీది నుంచి చూపు తిప్పకుండానే తలూపింది.

"గట్లనే పడాలె" అంది.